కామాక్షమ్మ ఇల్లు అమ్మిపెట్టిన శాంతాబాయి

ఇల్లు ఎట్లా అమ్మాలో శాంతాబాయికి ఎవరూ నేర్పలేదు. ఆమెకు తెలిసిన బేరమల్లా బర్రెల బేరం. బర్రెను అమ్మాలంటే ముందురోజు చెరువుకు తోలి పీచుతో తోమాలి. కొమ్ములకు నూనె రాయాలి. పొదుగు నిండుగా కనబడేటట్టు ఆ పూట పాలు పితకకుండా ఆపాలి. కొనేవాడు రాగానే వాణ్ణి తోక దగ్గర కాకుండా తల దగ్గర నిలబెట్టాలి. ఇల్లు మాత్రం వేరా, అనుకుంది. అనుకుని పక్కింటి తాళంచెవుల గుత్తి కొంగున ముడేసుకుంది.

ఇది డెబ్బై మూడు ఎండాకాలం మాట. నాచారంలో ఫ్యాక్టరీలు లేచాయి గానీ కాలనీలు ఇంకా పూర్తిగా లేవలేదు. నాలుగిళ్ళు, పది రాతిగుండ్లు, మళ్ళీ నాలుగిళ్ళు. శాంతాబాయికి అప్పటికి నలభై దాటాయి. పొట్టి మనిషి, గట్టి మనిషి. నాలుగు బర్రెలు, ఒక మొగుడు ఆమె సంపద. మొగుడు బసవరాజు ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా. మంచివాడే, కాకపోతే కూర్చుంటే లేవడు, లేస్తే టీకొట్టు దాకా పోయి అక్కడ కూర్చుంటాడు. పాలు పితకడం, చిల్కానగర్ దాకా ఇంటింటికీ తిరిగి పోయడం, పీర్జాదిగూడ నుంచి వచ్చే పచ్చగడ్డి మోపుల దగ్గర తగువాడడం, పెండ ఎత్తడం, పిడకలు కొట్టడం, అన్నీ ఆమే. నాలుగు బర్రెల్లో పెద్దదాని పేరు దొరసాని. అది కూడా బసవరాజు లాగే, దాని ఇష్టమైతేనే లేస్తుంది.

పక్కిల్లు కామాక్షమ్మది. ఆమె భర్త సుబ్రహ్మణ్యం ఉప్పల్ రోడ్డులో ఒక ప్రయోగశాలలో ఉద్యోగి. రాజమండ్రి వైపు నుంచి వచ్చి, ఇక్కడ తుమ్మచెట్లు తప్ప మరేమీ లేని రోజుల్లో జాగా కొని మూడు గదుల డాబా వేసుకున్నాడు. రెండిళ్ళకీ కలిపి ఒకటే బావి. ప్రహరీ గోడ సరిగ్గా ఆ బావి మీదుగానే పోతుంది. సగం బావి ఇటు, సగం బావి అటు, రెండువైపులా రెండు గిలకలు. అటునుంచి కామాక్షమ్మ చేద దిగి ఇటు శాంతాబాయి చేదకు ఠంగుమని తగిలేది. ఆ చప్పుడుతో మాట మొదలయ్యేది. పదకొండేళ్ళు అట్లా గడిచాయి.

తర్వాత గొడవలు వచ్చాయి. ఇక్కడి ఉద్యోగాలు ఇక్కడివాళ్ళకేనని ముల్కీ గొడవ, దాని వెనకే రాష్ట్రం విడగొట్టమని జై ఆంధ్ర గొడవ. ఎవరూ వచ్చి సుబ్రహ్మణ్యాన్ని ఒక్క మాట అన్నది లేదు. అయినా ఆయనకు మనసు నిలవలేదు. ఎవరి కాళ్ళో పట్టుకుని విశాఖపట్నం బదిలీ చేయించుకున్నాడు. ఇల్లు అమ్మకానికి పెట్టాడు. పెట్టాడు గానీ కొనేదెవరు? ఆ ఏడు ఇళ్ళ బేరం చచ్చి పడి ఉంది. పోయేవాళ్ళంతా అమ్ముతామంటున్నారు, ఉండేవాళ్ళు ఆగుదామంటున్నారు, కొత్తగా రావలసినవాళ్ళు రైలెక్కాలా వద్దా అని ప్లాట్‌ఫారం మీద ఆలోచిస్తున్నారు. హబ్సిగూడ నుంచి ఉప్పల్ చౌరస్తా దాకా ఏ గోడ చూసినా బొగ్గుతో రాసిన 'ఇల్లు అమ్మబడును'.

సామాను లారీకెక్కించిన రోజు కామాక్షమ్మ తాళాలు తెచ్చి శాంతాబాయి చేతిలో పెట్టింది.

"బ్రోకరు బుచ్చిబాబుకి ఇస్తే ఎవడికో ఒకడికి అంటగడతాడు. నువ్వైతే మనిషిని చూసి ఇస్తావు," అంది.

సుబ్రహ్మణ్యం మాత్రం గట్టిగానే చెప్పాడు. "చూడు శాంతాబాయీ, శ్రావణం దాకా ఆగుతాను. అప్పటికీ సంసారులెవరూ రాకపోతే డ్రమ్ముల సేటుకే ఇచ్చేస్తాను. అక్కడ అద్దె, ఇక్కడ ఖాళీ ఇల్లు, నావల్ల కాదు."

డ్రమ్ముల సేటంటే నాచారంలో తెలియనివాళ్ళు లేరు. ఫ్యాక్టరీల నుంచి ఖాళీ మందుల డ్రమ్ములు కొంటాడు, కడిగి తిరిగి అమ్ముతాడు. కడగడానికి నీళ్ళు కావాలి కాబట్టి బావి ఉన్న ఇల్లు కోసం చూస్తున్నాడు. అంతకుముందు మరో వీధిలో ఒక దొడ్డి తీసుకున్నాడు. ఏడాది తిరిగేసరికి ఆ చుట్టుపక్కల బావుల్లో నీళ్ళ మీద నెమలికన్ను రంగులు తేలాయి. ఆ నీళ్ళు తాగి ఒక మేక చచ్చిపోయింది. ఇక్కడ సగం బావి సేటు చేతికి పోతే మిగతా సగం ఉండీ లేనట్టే. నాలుగు బర్రెలకు నీళ్ళెక్కడ నుంచి తేవాలి? బర్రెలు లేకపోతే శాంతాబాయి ఏం చేయాలి? అందుకే ఆమెకు ఆ ఇల్లు అమ్మడం ఇరుగుపొరుగు మాటసాయం కాదు. ప్రాణం మీదికొచ్చిన పని.

*

ముందు ఇంటిని తోమడం మొదలుపెట్టింది. సున్నం తెచ్చి నీలిమందు కలిపి గోడలకు పట్టించింది. నీలిమందు కాస్త ఎక్కువై ముందుగది ఆకాశం ముక్క దింపినట్టయింది. గడపలకు పసుపు, అరుగుకు జాజు. షాబాదు బండల్ని కొబ్బరిపీచుతో రుద్దితే మొహం కనబడింది. కిర్రుమనే తలుపులకు ఆముదం పోసింది. వాకిట్లో కామాక్షమ్మ వదిలిపోయిన కనకాంబరం మొక్కలకు రోజూ నీళ్ళు.

"మనింటికి సున్నమేసి ఎన్నేండ్లయింది?" అన్నాడు బసవరాజు, అరుగు మీద కాలు మీద కాలేసుకుని.

"మన ఇంటిని ఎవడన్న కొంటడా ఏంది?"

"నిన్ను జూసి కొన్నా కొంటడు."

"నిన్ను గుడ కలిపి ఇస్తనంటే ఆని అడ్వాన్సు ఆడు ఎనక్కి తీస్కుంటడు. లే, ఆ నిచ్చెన వట్టుకో జర."

ముందుగది అయింది, పడకగది అయింది, చివరికి వంటింటికి వచ్చింది. పదకొండేళ్ళలో ఆ గడప లోపల ఆమె అడుగు పెట్టలేదు. కామాక్షమ్మ మడి అట్లాంటిది. పాలచెంబు గుమ్మం దగ్గరే చేతులు మారేది. ఇప్పుడు తాళాలు తన కొంగునే ఉన్నా, చెప్పులు లేని కాళ్ళను కూడా ఒకసారి కడుక్కుని మరీ లోపలికి పోయింది.

వంటిల్లు చీకటిగా ఉంది. కిటికీ ఉంది గానీ దాన్ని చుట్టూ మేకులు కొట్టి మూసేశారు. ఎప్పుడో కామాక్షమ్మ అన్న మాట గుర్తొచ్చింది: "ఆ కిటికీ వాస్తుకి పనికిరాదట శాంతాబాయీ. సిద్ధాంతి గారు మూయించమన్నారు."

శాంతాబాయి ఆలోచించింది. వెలుతురు లేని వంటింట్లో ఏ ఆడది వండుతుంది? వాస్తు సంగతి కొనేవాళ్ళు చూసుకుంటారు, ముందు వాళ్ళ కళ్ళకు వంటిల్లు ఆనాలి కదా! పట్టకారు తెచ్చి ఒక్కో మేకూ పీకింది. చెక్క ఉబ్బిపోయి కదలకపోతే భుజం పెట్టి తోసింది. రెక్కలు భళ్ళుమని తెరుచుకున్నాయి.

కిటికీకీ ప్రహరీ గోడకూ మధ్య ఒక మనిషి నడిచేంత సందు. గోడ నడుమెత్తు. గోడకు అవతల ఆనుకునే శాంతాబాయి బర్రెల కొట్టం, దాని పక్కన పెంట. గోడ మీదుగా దొరసాని మెడ చాచి, ఎవరే నువ్వు అన్నట్టు ఆమె మొహంలోకి చూసింది.

శాంతాబాయి మురిసిపోయింది. "పొద్దుగాల లేసి కిటికీ తీస్తే లచ్చిమి మొకం! ఎవలికున్నదే ఇంత అదృష్టం?" అంది దొరసానితో. ఇల్లు చూడవచ్చిన ప్రతివాళ్ళనూ ముందు ఇక్కడికే తీసుకురావాలని నిశ్చయించుకుంది.

*

మొదట వచ్చింది అచ్యుతరావనే గుమాస్తా, ఆయన భార్య. బుచ్చిబాబు తీసుకొచ్చాడు. బుచ్చిబాబు హబ్సిగూడ బ్రోకరు, భీమవరం మనిషి. సైకిలు మీద వస్తాడు, ప్యాంటు కాళ్ళకు క్లిప్పులు. ముందుగది చూసి అచ్యుతరావు "బాగుంది" అన్నాడు. పడకగది చూసి ఆయన భార్య "గాలి బాగా వస్తోందండీ" అంది. శాంతాబాయి గుండె నిబ్బరమై, "జర ఇటు రాండమ్మా, అసలు సంగతి ఈడున్నది" అని వంటింట్లోకి తీసుకుపోయి కిటికీ రెక్కలు బార్లా తెరిచింది.

అచ్యుతరావు భార్య వెంటనే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. సిగ్గరి మనిషి, అనుకుంది శాంతాబాయి.

"కబురు చేస్తాం," అన్నాడు అచ్యుతరావు. అప్పటికే వాకిట్లో ఉన్నాడు.

కబురు రాలేదు. తర్వాత ఇద్దరు ముగ్గురు వచ్చారు, వాళ్ళూ కోస్తావైపు వాళ్ళే. అందరూ ముందుగదిలో నవ్వారు, పడకగదిలో తలూపారు, వంటింట్లో నిశ్శబ్దమయ్యారు, వాకిట్లో కబురు చేస్తామన్నారు. కోస్తా జిల్లాల మర్యాద మహా గొప్పది. ఎదుటి మనిషి మొహం మీద కాదని చెప్పదు. కబురు చేస్తామని చెప్పి చచ్చేదాకా చేయదు.

"ఏం తక్కువైందే బుచ్చిబాబూ?" అని నిలదీసింది శాంతాబాయి.

బుచ్చిబాబు ఆమె ఇచ్చిన చల్ల రెండో గ్లాసు తాగుతూ మీసాలు తుడుచుకున్నాడు. "టైము రావాలి అక్కయ్యా. ఇల్లు బంగారం. టైము బాగాలేదు," అన్నాడు. కారణం అతనికి తెలుసు. మొదటి రోజే తెలుసు. కానీ చెబితే చల్ల ఆగిపోతుంది. పైగా ఇల్లు సేటుకి పోయినా అతని కమీషను అతనికి వస్తుంది.

జ్యేష్ఠమాసం చివర్లో చలపతిరావు, తారామణి వచ్చారు. వాళ్ళు అసలైన బేరగాళ్ళు. ఆయన లెక్కలు చెప్పే మాష్టారు, ఉప్పల్ బడికి కొత్తగా బదిలీ. ఆమె సంచి పట్టుకుని వచ్చింది. సంచిలో కిరసనాయిలు స్టవ్వు, చిన్న గిన్నె, గుప్పెడు కందిపప్పు మూట.

"నీళ్ళు చూడందే ఇల్లు చూసినట్టు కాదు," అంది తారామణి కొంగు నడుముకు చుట్టి. "మాది గోదావరి నీళ్ళ ప్రాణం. ఇక్కడ కాప్రా దగ్గర ఒక ఇల్లు చూశాం. బంగళాలా ఉంది. పప్పు గంట ఉడికించినా గులకరాళ్ళే! ఆ నీళ్ళతో నేను బతకలేనని వచ్చేశాను."

"మా బావి నీళ్ళల్ల పప్పు కాదమ్మా, రాయేసినా ఉడుకుతది," అంది శాంతాబాయి.

ఆమె స్వయంగా చేదతో తోడి ఇచ్చింది. తారామణి వంటింట్లో స్టవ్వు వెలిగించింది. ఎసరు కాగింది, పప్పు వేసింది. వెలుతురు కోసం శాంతాబాయి కిటికీ తెరిచింది. తారామణి లేచి మూసింది. ఎండ పడుతోంది కాబోలనుకుని శాంతాబాయి ఒక రెక్క మాత్రం తెరిచింది. తారామణి గిన్నె వైపు చూస్తూ, ఊపిరి ఆపి ఆపి పీలుస్తూ కూర్చుంది. చలపతిరావు పది నిమిషాలు నిలబడి, బయట గాలి బాగుందని వాకిట్లోకి పోయాడు. అంతలో పెంట మీద ఈగలు కొన్ని పప్పు చూడ్డానికి వచ్చాయి. దొరసాని కూడా ఒకసారి పలకరించింది.

పప్పు ఉడికింది. అట్లా ఇట్లా కాదు, గరిట తగిలిస్తే వెన్నలా విడిపోయింది. శాంతాబాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "సూసిన్రా! నేన్ జెప్పలే?"

"అద్భుతంగా ఉడికింది," అంది తారామణి. నిజంగానే అంది. స్టవ్వు ఆర్పి, గిన్నె కడిగి, సంచి సర్దుకుని, వాకిట్లో చెప్పులేసుకుంటూ, "కబురు చేస్తామమ్మా" అంది.

ఆ రాత్రి శాంతాబాయికి అన్నం సయించలేదు. పప్పు వెన్నలా ఉడికాక కూడా మనుషులు పోయారంటే ఇక ఆ ఇంటికి చేయగలిగిందేమిటి? సేటే గతా?

తెల్లారితే ఆషాఢం. ఆషాఢంలో ఇల్లు చూడటానికి కాకి కూడా రాదు.

*

కాకి రాలేదు గానీ సత్యవేణి వచ్చింది. రైల్వే ఆసుపత్రిలో నర్సు. ఏలూరు పుట్టిల్లు. మొగుడు గోపాలరావు గూడ్సు బండి గార్డు, నెలలో సగం రోజులు పట్టాల మీదే. ఆషాఢమా, అమావాస్యా అని చూడదు ఆమె. అందరూ ఇంట్లో కూర్చున్నప్పుడు బేరాలు తీరిగ్గా చూడొచ్చని గొడుగు వేసుకుని, బురద తొక్కుకుంటూ, బుచ్చిబాబు లేకుండా తనే వచ్చింది. ముసురు పట్టి రెండు రోజులైంది. పెంట నాని కారుతోంది.

సత్యవేణి ఇల్లంతా చకచకా తిరిగింది. కుళాయి లేదా? లేదు. దొడ్డి తలుపుకు గొళ్ళెం? ఉంది. బావిలోకి వంగి చూసింది. చివరికి వంటింట్లోకి పోయి, శాంతాబాయి చెప్పకముందే కిటికీ తెరిచి అక్కడే నిలబడింది.

"ఇల్లు బాగుంది. బావి బాగుంది. ఈ గేదెల పాక బాగాలేదు," అంది.

"ఏం, పాకకేమైంది?"

"వాసనండీ."

"వాసనా? ఏం వాసన?"

సత్యవేణి వెనక్కి తిరిగి ఆమె మొహంలోకి చూసింది. వేళాకోళమేమో అని చూసింది. కాదని తేలింది. "మీరు నిజంగానే అడుగుతున్నారా?"

"నిజంగనే అడుగుతున్న."

"అయితే నిజంగానే చెబుతాను. నేను రోజంతా ఆసుపత్రిలో పుండ్లు కడిగే మనిషిని. నాకే కడుపులో తిప్పుతోంది. ఇంతకుముందు చూసినవాళ్ళు మీతో ఏమన్నారు?"

"కబురు జేస్తమన్నరు."

"అదే కబురు."

సత్యవేణి కిటికీ చట్రం మీద వేలు పెట్టి చూపించింది. వరసగా మేకుల బొక్కలు. "ఇక్కడ ఉన్నావిడ దీన్ని మేకులు కొట్టి మూసింది. ఎందుకనుకున్నారు?"

"వాస్తు... సిద్ధాంతి..." అని ఆగిపోయింది శాంతాబాయి. ఈ వాకిట్లోకి ఏ సిద్ధాంతీ వచ్చినట్టు ఆమెకు గుర్తు లేదు. తాను చూడకుండా ఆ వాకిట్లోకి కుక్క కూడా వచ్చేది కాదు.

ముందు కోపం వచ్చింది. "కొంటే కొను, లేకుంటే పో. మా బర్లకు పేర్లు వెట్టకు."

"కొంటాను. ఆ పాక తీసి మీ ఇంటికి ఆ పక్కకి వేసుకోండి, పేడ కుప్ప కూడా. అప్పుడు కొంటాను. లేకపోతే కొనను. కబురు చేస్తానని మాత్రం చెప్పను," అని గొడుగు విప్పుకుని పోయింది సత్యవేణి.

*

శాంతాబాయి తన అరుగు మీద కూలబడింది. బసవరాజు బీడీ వెలిగించబోతున్నాడు.

"ఏమయ్యా, మన బర్లు వాసనొస్తయా?"

"బర్లు బర్ల వాసన రాక మల్లెపూల వాసనొస్తయా?"

"మరి ఇన్నేండ్లు నాకు జెప్పలే?"

"నువ్వు గుడ గదే వాసన గదనే. ఏది నీది, ఏది దానిది అని ఎట్ల జెప్పాలె?"

చేతికందిన చీపురు విసిరింది. అది తగిలినందుకు బసవరాజుకు బాధ కలగలేదు గానీ, విసిరాక ఆమె తిట్టకుండా ఊరుకున్నందుకు భయమేసింది.

ఆమె మనసు కామాక్షమ్మ దగ్గర ఉంది. ఆ వంటిల్లు చీకటి గుయ్యారం. పదకొండు ఎండాకాలాలు కామాక్షమ్మ అందులో కిటికీ మూసుకుని, చెమటలు కక్కుతూ వండింది. ఉడికిన కూర గోడ మీదుగా ఇచ్చింది. పండక్కి పులిహోర ఇచ్చింది. శాంతాబాయికి జ్వరమొస్తే జావ కాచి ఇచ్చింది. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట చెప్పలేదు. చెబితే ఏమయ్యేది? పోట్లాడుకునేవాళ్ళు. మంచిదే కదా! పోట్లాడి మాట్లాడుకునేవాళ్ళు. చెప్పకుండా భరించడం మంచితనమా, లేక నీతో చెప్పడం దండగ అనుకోవడమా? శాంతాబాయికి తేలలేదు. బస్సులో తన పక్కన సీటు ఎప్పుడూ ఖాళీగా ఉండేది ఎందుకో మాత్రం కొత్తగా తేలింది.

మూడోరోజు డ్రమ్ముల సేటు మనుషులు టేపు పట్టుకుని వచ్చారు. శ్రావణం దగ్గరికొచ్చింది కదా, ముందే కొలుచుకుంటామని. ఒకడు బావి గట్టు మీద కూర్చుని, "ఇక్కడ కడుగుడు, అక్కడ ఆరవెట్టుడు" అని వేలితో గీతలు గీస్తున్నాడు. బావిలోకి ఉమ్మాడు కూడా.

శాంతాబాయి గోడకు ఇవతల నుంచి చూసింది. చూసి, లోపలికి పోయి, బసవరాజు మంచం కోడు పట్టి గుంజింది.

"లే. కొట్టం జరపాలె."

"యాడికి?"

"ఈ పక్కకు. మనం పండుకునే గది కిటికీ దగ్గరికి."

"నా మంచం పక్కకా! దొరసాని పక్కన నేనెట్ల పండుకుంట?"

"అది అడగాలె ఆ మాట. నీ గురకకు అది పాలియ్యకుంటే ఎవడు జవాబు?"

కొట్టం జరపడం చిన్న పని కాదు. గుంజలు పాతాలి, గాడిపొయ్యిలా బండలు పేర్చి కుడితి తొట్టి కట్టాలి, పెంటంతా ఎత్తి దూరం మోయాలి. అసలు కష్టం ఇంకొకటి ఉంది. బావి గోడ దగ్గరే ఉంది, కొట్టం అవతలి మూలకు పోతే రోజూ నాలుగు బర్రెల నీళ్ళూ వాకిలి దాటి మోయాలి. అది తన నడుము మీదే పడుతుందని ఆమెకు తెలుసు. అయినా పొద్దున్నే వీధిలోకి పోయి కేకేసింది. టీకొట్టు బెంచీ ఖాళీ అయింది. పదిమంది కొట్టం కింద దూరి, గడ్డి కప్పును వెదురు వాసాలతో సహా ఒక్కసారిగా భుజాల మీదికి ఎత్తారు. కప్పు గాల్లో లేచి, పల్లకీలాగా ఊగుతూ వాకిలి దాటింది. దాని కింద కనబడేవి కాళ్ళు మాత్రమే.

"ఏం అన్నా, ఎవల పెండ్లి?" అని వీధిలో ఎవడో అరిచాడు.

"దొరసానిది! కట్నం మస్తు, వస్తవా?" అని కప్పు కింద నుంచి బసవరాజు గొంతు.

మూడు బర్రెలు కొత్తచోటికి నడిచాయి. దొరసాని నడవలేదు. కప్పు లేని పాతచోటులోనే, వర్షంలో, గోడ మీద గడ్డం ఆనించి రెండు రోజులు నిలబడింది. మూడోనాడు చిట్టు కలిపిన కుడితి వాసన తగిలి, ఎవరూ చూడనప్పుడు వెళ్ళి కొత్త కొట్టంలో పడుకుంది.

శాంతాబాయి పాతచోటును కడిగింది. సున్నం చల్లింది. ఇంకో వారం ఎండా వానా తగలనిచ్చింది. తర్వాత రైల్వే ఆసుపత్రికి తనే నడిచిపోయి, వార్డు గుమ్మంలో నిలబడి, "నర్సమ్మా! జరిపిన. వచ్చి సూస్కో," అంది. పోయే ముందు సబ్బుతో రెండుసార్లు స్నానం చేసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

*

శ్రావణంలో రిజిస్ట్రేషనుకు సుబ్రహ్మణ్యం, కామాక్షమ్మ విశాఖ నుంచి వచ్చారు. సేటు మొహం మాడ్చుకున్నాడు. బుచ్చిబాబు కమీషను కోసం గట్టిగా అడిగి, శాంతాబాయి చూపు చూసి కొంచెం మెత్తగా అడిగాడు.

కామాక్షమ్మ తన వంటింట్లోకి పోయి తెరిచిన కిటికీ ముందు నిలబడింది. అవతల ఖాళీ నేల, దాని మీద ఎండ. చట్రం మీది మేకుల బొక్కలు వేలితో తడిమింది. గుమ్మం బయట శాంతాబాయి నిలబడి ఉంది. ఈసారి లోపలికి రాలేదు.

"ఎందుకు జెప్పలే కామాక్షమ్మా?"

కామాక్షమ్మ తిరిగి చూసింది. దబాయించలేదు, సిద్ధాంతి మాట ఎత్తలేదు. "మొదటి నెలలో చెబుదామనుకున్నాను," అంది. "రెండో నెలలో నీ పాల మీద మీగడ చూశాను."

శాంతాబాయి నవ్వొద్దనుకుంది. ఆగలేదు, నవ్వేసింది. కామాక్షమ్మ కూడా నవ్వింది గానీ ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. "తర్వాత మరీ ఆలస్యమైపోయింది శాంతాబాయీ. నాలుగేళ్ళు పోయాక చెబితే, ఈ నాలుగేళ్ళూ ఏం చేశావని అడుగుతావు. ఏడేళ్ళు పోయాక అసలు నోరెట్లా వస్తుంది?"

"అడిగేదాన్నే."

"తెలుసు. నువ్వు ఊరుకునే మనిషివా?"

సాయంత్రం బండికి వాళ్ళు వెళ్ళిపోయారు. శాంతాబాయి చౌరస్తా దాకా వెళ్ళి దిగబెట్టి వచ్చింది.

సత్యవేణి మంచి రోజు చూసుకోలేదు, డ్యూటీ లేని రోజు చూసుకుని సామాను దింపింది. గోపాలరావు రెండు ట్రంకుపెట్టెలు లోపల పెట్టి, బండికి పచ్చజెండా ఊపే మనిషే అయినా, ఇంట్లో భార్య ఎటు చూపిస్తే అటు నడిచాడు. శాంతాబాయి మొదటి రోజు పాలు ఊరికే ఇచ్చింది. ఇరుగుపొరుగు మర్యాద. నీళ్ళ సంగతి కూడా ఇక చింత లేదు, బావి బావిలాగే ఉంది. మోసే దూరమే పెరిగింది. నడుము సాయంత్రానికి పలుగురాయిలా బిగుసుకుపోతోంది. రాత్రిళ్ళు కిటికీ అవతల దొరసాని ఊపిరి, ఇవతల బసవరాజు గురక ఒక లయలో పడ్డాయి. ఎవరిది ఏదో ఆమెకే తెలియడం లేదు.

రెండోరోజు పొద్దున బావి దగ్గర చేద దించుతుంటే అటునుంచి సత్యవేణి గోడ దగ్గరికి వచ్చింది. చేతిలో పాలగిన్నె.

"శాంతాబాయి గారూ, నిన్న పాలు చిక్కగా ఉన్నాయి. ఈ రోజు పల్చగా ఉన్నాయి. నిన్నవి ఊరికే ఇచ్చినవి, ఈ రోజువి డబ్బులకు. ఏమిటి సంగతి?"

శాంతాబాయి చేద తాడు చేతిలో ఆగిపోయింది. పదకొండేళ్ళలో ఆ గోడ మీదుగా ఇట్లాంటి మాట ఒక్కటీ రాలేదు. ఆమె కొంగు దోపుకుంది, గొంతు సవరించుకుంది, బండ మీదికెక్కి సత్యవేణికి సరిసమానంగా నిలబడింది.

"నీళ్ళు గలిపిన్నంటవా? వానకాలం పచ్చగడ్డి మేస్తే పాలు పల్చగనే ఉంటయి. నర్సువు గద, నీకు సూదిమందు ఎరుక, బర్రె సంగతి నీకేం ఎరుక?"

"గడ్డి నిన్న కూడా మేసింది కదా!"

"నిన్న ఎండుగడ్డి ఏసిన!"

"అయితే రేపు కూడా ఎండుగడ్డే వేయండి!"

బసవరాజు బీడీ నోట్లో పెట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. భార్య చేతులు తిప్పుతూ, గోడ అవతల నర్సమ్మ గిన్నె ఊపుతూ. వదిలేసిన తాళ్ళకు వేలాడుతూ రెండు చేదలూ బావిలో ఠంగుఠంగుమంటున్నాయి. తగువు తెగేటట్టు లేదు. అతను మంచం అక్కడికే లాక్కుని తీరిగ్గా కూర్చున్నాడు.